ఇక చేసేదేం లేదా?

‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి.’

ఈ మాట వినని కుటుంబాలు మన జిల్లాలో తక్కువే. మా పెద్దమ్మ విషయంలో నేనూ విన్నాను. పదిహేనేళ్ల కిందటి సంగతి. పెద్దమ్మది దుమ్ముగూడెం వైపు, గోదావరి ఒడ్డు వదిలి లోపలికి వెళితే అడవి అంచున ఉండే ఊరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బయటపడేసరికే ఆలస్యమైపోయింది. పట్నంలో ఓ ఆస్పత్రిలో నర్సు అడిగింది, ‘సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నీ నొప్పి ఎంతమ్మా?’ అని. ‘లెక్కెందుకు తల్లీ, రాత్రి కన్ను మూయనివ్వట్లేదు’ అంది పెద్దమ్మ. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో అంకె వేసుకుంది. రెండు రోజులకు ఆ మాట చెప్పి పంపించేశారు.

చేసేది ఎంతుందో ఇంటికొచ్చాకే తెలిసింది. పక్క మార్చడం, గుడ్డలు ఉతకడం, చెంచాతో గంజి పట్టడం, రాత్రిళ్లు మేలుకొని కూర్చోవడం. అన్నీ మా వదినే చేసింది. మిరప తోటల్లో కాయ ఏరే రోజులు, ఆ కూలి మొత్తం మానుకుంది. పుండు వాసనకు చుట్టాలు గడప దగ్గరే నిలబడి పలకరించి పోయేవారు. పెద్దమ్మకు నొప్పి కన్నా అదే ఎక్కువ బాధ. ‘నన్ను పశువుల పాకలో పడెయ్యండే’ అనేది. వదిన ఏమీ అనకుండా దగ్గర కూర్చుని తల దువ్వేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. మా దగ్గరున్న మందల్లా జ్వరం బిళ్లలే.

చాలా రోజుల తర్వాత ఈ పనిలో శిక్షణ పొందిన ఒక నర్సు చెప్పింది. డాక్టరు సలహా మీద మెట్రోనిడజోల్ బిళ్లను పొడిచేసి పుండు మీద చల్లితే వాసన బాగా తగ్గుతుందట. ఖరీదైన మందేమీ కాదు. అప్పుడే తెలిసుంటే చుట్టాలు లోపలికొచ్చి కూర్చునేవారు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

జబ్బు నయం కాకపోయినా మనిషి బాధ తగ్గించడానికి ఒక వైద్యం ఉంది. పాలియేటివ్ కేర్ అంటున్నారు, ఉపశమన సేవ అనుకోవచ్చు. నర్సుగా మొదలై, సామాజిక కార్యకర్తగా పనిచేసి, తర్వాత డాక్టరు చదివిన సిసిలీ సాండర్స్ అనే మహిళ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచి దీనికి దారి చూపింది. ఒళ్లు నొప్పితోపాటు మనసు బాధ, ఇంటి దిగులు, అప్పుల భయం అన్నీ కలిసిందే రోగి నొప్పి అని ఆమె చెప్పింది. మన పొరుగున కేరళలో 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు ఈ సేవ మొదలుపెట్టారు. అక్కడ ఊళ్లో వాలంటీర్లే ఈ పనికి వెన్నెముక. 2008లో ఆ రాష్ట్రం దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది.

మరి మన దగ్గర? హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ నాయకత్వంలో ఈ విభాగం పెరిగింది. డాక్టర్లకు, నర్సులకు అక్కడ శిక్షణ ఇస్తున్నారు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ‘ఆలన’ పేరుతో జిల్లాల్లో కేంద్రాలు తెరిచింది. ఖమ్మంలోనూ వచ్చింది. ఇంటికి వెళ్లి చూసే బృందమూ ఈ పథకంలో భాగమే. సంతోషించాల్సిన విషయమే.

కానీ ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి చర్ల, ఆ పైన అడవి ఊళ్లు. వానాకాలం వాగు పొంగితే జ్వరం వచ్చినవాళ్లనే మంచం మీద మోసుకురావాలి. మంచం దిగలేని మనిషిని ఎవరు మోస్తారు?

మందు సంగతీ ఉంది. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటితో వేసుకునే మార్ఫిన్ చవకైన మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దానికి ఎన్నో లైసెన్సులు కావలసి వచ్చేవి. అందుకే ఆస్పత్రులు దాని జోలికే వెళ్లేవి కావు. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. అయినా ‘అలవాటు పడిపోతారేమో’ అన్న భయం పోలేదు. శిక్షణ పొందిన డాక్టరు నొప్పికి తగ్గ మోతాదులో ఇస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఇలాంటి సేవ అవసరమని, అందుతున్నది నూటికి 14 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నేను అడిగేది మూడే.

ఒకటి, శిక్షణ డాక్టరుతో ఆగిపోకూడదు. నర్సుకు, ఏఎన్ఎంకు, ఆశ కార్యకర్తకు, వాళ్ల ద్వారా ఇంట్లో చాకిరీ చేసే ఆడమనిషికీ అందాలి. పుండ్లు పడకుండా పక్క ఎలా మార్చాలి, నోరు ఎలా శుభ్రం చేయాలి, ఎప్పుడు కబురు చేయాలి అన్నవి నేర్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

రెండు, మార్ఫిన్ భద్రాచలం దాకా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నొప్పి తగ్గించే బిళ్ల కోసం నొప్పితోనే ప్రయాణం చేయించడం ఎక్కడి న్యాయం?

మూడు, పరిశోధన. చివరి రోజుల్లో మనిషికి ఏం కావాలో తెలుసుకోవాలంటే వాళ్లనే అడగాలి. అదీ వాళ్ల భాషలో. కోయ ఇంట్లో ముసలావిడను తెలుగులో, అదీ అంకెల్లో అడిగితే ఏం చెబుతుంది? గిరిజనులను, మరణానికి దగ్గరైన రోగులను ప్రత్యేక రక్షణ కావలసినవారిగా చూడాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్షణ పేరుతో వాళ్లను అసలు అడగకుండా వదిలేసినా అన్యాయమే. అడిగి రాసుకుపోయి మళ్లీ ఆ గడప తొక్కకపోయినా అన్యాయమే. ఇంకో మాట. సేవ చేసే ఆడవాళ్లనూ అడగండి. ఎన్ని రోజుల కూలి పోయింది? ఎన్ని రాత్రులు నిద్ర లేదు? మా వదినకు అప్పుడు పట్టుకున్న నడుం నొప్పి ఇప్పటికీ వదల్లేదు. అది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

మొన్న మాటల్లో వదినను అడిగాను, ఆ రోజుల్లో నీకు ఎవరైనా ఏం చేసి ఉంటే బాగుండేదని. కాసేపు ఆలోచించింది. ‘వారానికి ఒక్కసారి ఎవరన్నా వచ్చి, నువ్వు చేసేది సరిగానే ఉంది అని చెప్పిపోతే చాలు’ అంది.

అంత మాత్రం చేయలేమా?