బరువు – బలం

బంగాళాఖాతం ఒడ్డున ఉన్న అల్లవరం ప్రాంతం కొబ్బరితోటలకు, వరిచేలకు, చేపలవేటకు నిలయం. ఒక తరం క్రితం వరకు ఇక్కడ జీవనమే వ్యాయామం. దింపు కార్మికులు చెట్టు దిగి మరో చెట్టు ఎక్కేవారు. ఒలుపు పనివారు కాయల గుట్టలను ఒలిచి పోసేవారు. స్త్రీలు వంగి నాట్లు వేసేవారు. బిందెలతో నీళ్ళు మోసేవారు. ఓడలరేవు తీరాన మత్స్యకారులు బరువైన వలలను ఒడ్డుకు లాగేవారు. నేడు వరికోతకు యంత్రం వచ్చింది, కళాశాలకు మోటారుసైకిలు వచ్చింది, వినోదం అరచేతిలోకి వచ్చింది. శ్రమ తగ్గింది గాని, ఆ మేరకు కంచంలో అన్నం తగ్గలేదు.

ఫలితం కళ్ళముందే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. బరువు ఎక్కువగా ఉండటం, పోషణ తక్కువగా ఉండటం అనే రెండు కష్టాలూ ఒకే ఇంట, ఒక్కొక్కప్పుడు ఒకే దేహంలో కాపురముంటున్నాయన్నమాట.

ఇటువంటి స్థితిలో బరువు తగ్గడానికి యువత ఎన్నుకొంటున్న మార్గం ఉపవాసం. తోటివారు ఎగతాళి చేశారని ఒక అమ్మాయి రాత్రి భోజనం మానివేస్తుంది. నెలకు పది కిలోలు తగ్గించే పొడి ఉందని విని ఒక అబ్బాయి డబ్బు పోగు చేస్తాడు. కొన్నేళ్ళ క్రితం అన్నాన్ని పూర్తిగా విడిచి కొబ్బరినూనె తాగే పద్ధతి కూడా తెలుగునాట ప్రచారం పొందింది. ఇవన్నీ కొన్నాళ్ళు తూకంలో అంకెను తగ్గించవచ్చు. అయితే తగ్గినదేమిటన్నది అసలు ప్రశ్న. కడుపు మాడ్చుకొన్న శరీరం కొవ్వుతో పాటు కండరాన్ని కూడా కరిగించుకొంటుంది. తిరిగి మామూలు తిండికి రాగానే బరువు వెనక్కి వస్తుంది. పోయిన కండ మాత్రం అంత సులభంగా రాదు.

కనుక బరువు తగ్గించే భారం ఆహారం మీద, కండను కాపాడే భారం వ్యాయామం మీద ఉంచడం వివేకం. ఖర్చయ్యే శక్తి కంటే తీసుకొనే శక్తి కొద్దిగా తక్కువైతే చాలు. పెద్దలు వారానికి అరకిలో తగ్గినా మంచి ఫలితమే. ఎదిగే వయసులోని వారు మాత్రం వైద్యుల సలహా లేకుండా తిండికి కోత పెట్టరాదు.

ఇందుకు కోనసీమ వంటిల్లు చాలును. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారం పెద్దలకు దేహపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అరవై కిలోల మనిషికి అది సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల పెసలలో సుమారు 24 గ్రాములు లభిస్తాయి. చేపల పులుసు, మజ్జిగ, పప్పు, తోటకూర ఉన్న ఇంట డబ్బాల పొడులతో పనిలేదు. కొబ్బరిని విడిచిపెట్టనక్కరలేదు, కాని వంద గ్రాముల పచ్చికొబ్బరిలో సుమారు 350 కేలరీలు ఉంటాయని గుర్తుంచుకోవాలి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర ఒక గరిటె పెంచడం ఎవరికైనా సాధ్యమే.

ఇక వ్యాయామం. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు, 5–17 ఏళ్ళ వారు మూడు రోజులు కండరాలను బలపరిచే కృషి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గుంజీళ్ళు, దండీలు, బరువు నింపిన సంచిని ఎత్తి దించడం ఇందుకు సరిపోతాయి. బరువును కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోవడమే రహస్యం. కండరం విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి స్వల్పమే అయినా, ఎముకకు బలాన్ని, రక్తంలోని చక్కెరకు అదుపును ఇచ్చేది అదే.

పొలం పని చేసేవారికి వ్యాయామమెందుకని కొందరంటారు. నిజమే, ఆ పని చేసేవారికి అవసరం తక్కువ. పుస్తకం ముందు, తెర ముందు కూర్చొనేవారికే ఇది అవసరం. బరువులెత్తడం ఆడపిల్లలకు తగదని మరికొందరంటారు. వారికి శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి జీవితమే సమాధానం. 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో పోటీపడి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆమె దేహపు బరువు పెరిగింది. దేశపు గౌరవమూ పెరిగింది. ఆ దేహాన్ని తూకపు అంకెతో మాత్రమే కొలిచివుంటే ఆ విజయం అర్థమయ్యేది కాదు.

లావుగా ఉండటం నేరం కాదు. ఎగతాళి దానికి మందూ కాదు. కళాశాల మైదానంలో బాలురతో పాటు బాలికలకూ వారానికి మూడు గంటలు కేటాయించడం, ఇంట ఆడపిల్ల కంచంలో కూడా గుడ్డు, చేప సమానంగా వడ్డించడం ఖర్చుతో కూడిన పనులు కావు. తాతలు చెట్లెక్కి సంపాదించుకొన్న సత్తువను మనవలు తెలిసి, కోరి, సాధనతో సంపాదించుకోవాలి. అలా వచ్చిన బలం నిలుస్తుంది. దానితో తగ్గిన బరువూ నిలుస్తుంది.