పరిగి నుంచి జపాను భాషకు దారి ఎటు?

విశ్వవిద్యాలయ విద్య వేరు, ఉద్యోగ శిక్షణ వేరు

పరిగి: విదేశీ భాష అనగానే ఆంగ్లం, ఆ తరువాత ఫ్రెంచి, జర్మను గుర్తుకు వచ్చే స్థితి నుంచి రాష్ట్ర యువత దృష్టి క్రమంగా జపాను భాష వైపు మళ్లుతోంది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి జపాను పర్యటన సందర్భంగా తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ (టామ్‌కామ్) అక్కడి సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకున్నది. అదే ఏడాది ఆగస్టులో టోక్యోలో జరిగిన ఉభయ దేశాల ప్రధానమంత్రుల సమావేశం, ఐదేళ్లలో 5 లక్షల మంది పరస్పర రాకపోకలను లక్ష్యంగా నిర్ణయించింది. ఇందులో భారతదేశం నుంచి జపానుకు వెళ్లే నిపుణులు, నైపుణ్యం సాధించగల యువత సంఖ్య 50 వేలు. ముంబయి, పుణె నగరాలకు కూలి పనుల కోసం తరలివెళ్లే కుటుంబాలు నేటికీ ఉన్న వికారాబాద్ జిల్లాలో ఇటువంటి ప్రకటనలకు సహజంగానే ప్రాధాన్యం ఉంటుంది.

అయితే ఈ ప్రకటనలను చదివే విద్యార్థి ముందు రెండు వేర్వేరు మార్గాలున్నాయి. ఆ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల కాలం, ధనం రెండూ వృథా అయ్యే ప్రమాదం ఉన్నది.

మొదటిది ఉద్యోగ మార్గం. నిర్దిష్ట నైపుణ్యం గల విదేశీ సిబ్బందికై జపాను 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక వీసా విధానాన్ని ప్రవేశపెట్టింది. దీనిపై భారత ప్రభుత్వంతో 2021 జనవరిలో సహకార పత్రం కుదిరింది. ఈ వీసాకు సాధారణంగా జపాను భాషా ప్రావీణ్య పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, తత్సమానమైన ప్రాథమిక పరీక్ష గానీ ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది. దీనికి తోడు వృత్తి నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది. వృద్ధుల సంరక్షణ రంగంలో చేరదలచిన వారికి ఆ రంగపు భాషపై మరొక పరీక్ష తప్పనిసరి. పాత సాంకేతిక శిక్షణార్థుల పథకం స్థానంలో కొత్త విధానాన్ని 2027లో అమలులోకి తెచ్చేందుకు జపాను 2024లోనే చట్టం చేసింది కనుక, పాత పథకం పేరు చెప్పి రుసుము అడిగే దళారుల విషయంలో జాగ్రత్త అవసరం.

రెండవది విశ్వవిద్యాలయ మార్గం. ఇది కొన్ని నెలలలో ముగిసేది కాదు. భాషతో పాటు సాహిత్యం, చరిత్ర, సమాజం బోధించే పూర్తిస్థాయి చదువు. అనువాదకులు, ద్విభాషులు, అధ్యాపకులు, పరిశోధకులు తయారయ్యేది ఇక్కడే. దేశంలో విశ్వభారతి నిప్పన్ భవన్, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఈ చదువుకు పేరెన్నికగన్నవి. తెలంగాణ విద్యార్థికి అంత దూరం వెళ్లవలసిన పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) జపాను భాషలో డిగ్రీ చదువు అందిస్తున్నది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా ప్రారంభమై, 1972లో విదేశీ భాషలను కలుపుకొని సీఫెల్‌గా మారి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ ఇది. వికారాబాద్‌కు పొరుగున సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ మరొక ఉదాహరణ. 2008లో నెలకొన్న ఈ సంస్థ ప్రాంగణ నిర్మాణానికి జపాను అంతర్జాతీయ సహకార సంస్థ (జైకా) రుణసహాయం అందించింది. ఇక్కడి విద్యార్థులు జపాను విశ్వవిద్యాలయాలలో పరిశోధన చేసేందుకు 2012 నుంచి ప్రత్యేక ఉపకార వేతన పథకం నడిచింది.

జపాను భాష అవసరం విమానం ఎక్కేవారికే పరిమితమనుకోవడమూ సరికాదు. పటాన్‌చెరు సమీపంలోని రుద్రారంలో తోషిబా కర్మాగారం ఉన్నది. రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందనవెల్లిలో దైఫుకు సంస్థ యంత్ర సామగ్రి తయారు చేస్తున్నది. ఇవి పరిగి నుంచి హైదరాబాద్ వెళ్లే దారికి మరీ దూరం కాదు.

ఇక అసలు సందేహం: తెలుగు మాధ్యమంలో చదువుకొని, ఆంగ్లమే కష్టమనుకొనే గ్రామీణ విద్యార్థికి జపాను భాష పట్టుబడుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం చాలామంది ఊహించే దానికి భిన్నంగా ఉన్నది. వాక్య నిర్మాణంలో జపాను భాష ఆంగ్లానికి కంటే తెలుగుకు ఎంతో దగ్గర. “నేను హైదరాబాదులో జపాను భాషను చదువుతూ ఉన్నాను” అనే వాక్యాన్ని జపానులో “వతాషి వ, హైదరాబాదో దె, నిహోంగొ ఒ, బెంక్యో షితె, ఇమాసు” అంటారు. పదాల వరుస మార్చనవసరం లేదు. క్రియ చివర వస్తుంది. మన “లో”, “ను” విభక్తులవలె వారి “దె”, “ఒ” నామవాచకం తరువాతనే చేరుతాయి. “తిని చూడు” అంటే తినే ప్రయత్నం చేయమని మనకు అర్థం. జపానులో “తబెతె మిరు” అన్నా అక్షరాలా అదే, అందులోని “మిరు” అంటే చూడడమే. ఆంగ్లంలో ఈ ప్రయోగాన్ని వివరించడానికి అధ్యాపకుడు ఒక పాఠం చెప్పాలి, తెలుగులో ఒక్క మాట చాలు.

అక్షరమాల విషయమూ అంతే. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చులు, ఆపై క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. బౌద్ధ భిక్షువులు అభ్యసించిన సంస్కృత వర్ణక్రమం ప్రభావంతో ఏర్పడిన అమరిక ఇది. గుణింతం నేర్చిన పిల్లవానికి ఇది పరిచితమైన బాటే. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు తెలియని వారు జపానులో పొరపడతారు: “ఒబసాన్” అంటే పిన్ని లేదా అత్త, “ఒబాసాన్” అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. “కితె” అంటే వచ్చి, “కిత్తె” అంటే తపాలా బిళ్ల. తెలుగువారికి ఈ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. పెద్దలు “సెలవిచ్చారు”, మనం “మనవి చేసుకున్నాం” అనే మర్యాద తెలిసిన వారికి, గౌరవానికి ఒక క్రియ, వినయానికి మరొక క్రియ వాడే జపాను సంప్రదాయం వింతగా తోచదు. పరిగి, తాండూరు, కొడంగల్ ప్రాంతాలలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, లంబాడీ భాషలు వినిపిస్తాయి. వీటన్నింటిలోనూ క్రియ వాక్యం చివరనే ఉంటుందని గమనించాలి.

కష్టం లేదని కాదు. కష్టమంతా కంజి లిపిలో ఉన్నది. నిత్యవ్యవహారానికి జపాను ప్రభుత్వం 2010లో సవరించి ప్రకటించిన పట్టికలో 2,136 కంజి అక్షరాలున్నాయి. ఒక్కొక్క దానికి రెండు మూడు ఉచ్చారణలు ఉండవచ్చు. వీటికి దగ్గరి దారి లేదు, రోజూ రాయవలసిందే. ఎన్4 స్థాయికి కొన్ని వందల అక్షరాలతో సరిపోతుంది. విశ్వవిద్యాలయ విద్యార్థికి మాత్రం దాదాపు పట్టిక మొత్తం అవసరం. రెండు మార్గాల మధ్య అంతరం ఎంతటిదో ఈ లెక్కే చెబుతుంది.

ఇంత సామ్యం ఉన్నా, తెలుగు విద్యార్థికి జపాను వ్యాకరణం అందుతున్నది ప్రధానంగా ఆంగ్ల వివరణల ద్వారానే. తెలుగుకు దగ్గరైన వాక్యాన్ని ముందు ఆంగ్లంలోకి తిప్పి, తిరిగి జపానులోకి మార్చే శ్రమ అతనిపై పడుతున్నది. ఆంగ్లంలో వెనుకబడిన విద్యార్థి జపానులోనూ వెనుకబడినవాడుగా లెక్కకు వస్తున్నాడు. ఇది అతని లోపం కాదు, బోధనా మాధ్యమం లోపం. సంస్కృతి పరిచయం సైతం ఇదే దారిన సాగింది. నాగార్జునుని ఎనిమిది బౌద్ధ శాఖల ఆదిగురువుగా “ర్యూజు” పేరిట జపాను కొలుస్తుండగా, మనకు జపాను హైకూ చాలావరకు ఆంగ్లం మీదుగానే చేరింది. తెలుగు ద్వారా జపాను బోధించే ప్రాథమిక వాచకాలు రూపొందించే పనికి భాషా శాఖలు, విశ్వవిద్యాలయాలు పూనుకొంటే అందుకు పెద్ద వ్యయం కాదు.

మరొక చిన్న విషయం ఆచరణలో పెద్ద అడ్డంకి. రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి “దోస్త్” ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. ఇంటర్మీడియట్ ఫలితాలు రాగానే పరిగి విద్యార్థి తెరిచేది ఆ జాబితానే. ఇఫ్లూ కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక ఆ జాబితాలో కనిపించదు. దాని ప్రవేశ ప్రకటన, దరఖాస్తు, గడువు వేరు. జూనియర్ కళాశాలల ప్రిన్సిపాళ్లు ఇంటర్ రెండవ సంవత్సరం విద్యార్థులకు ఈ సమాచారాన్ని వార్షిక పరీక్షలకు ముందే తెలియజేసి, నోటీసు బోర్డులో ఉంచవలసి ఉన్నది.