రంగుల బొమ్మ చూసి వంతెన కట్టేస్తారా?

మొన్న ఊరెళ్ళినప్పుడు విడవలూరు నుంచి రామతీర్థం వైపు బండి మీద పోతూ ఓ కాలవ వంతెన దగ్గర ఆగాల్సొచ్చింది. ఎదురుగా వడ్ల బస్తాల లారీ, దాని వెనకాలే రొయ్యల లోడు. ఇలాంటి బరువుల కింద ఏ దూలానికి ఎంత మూమెంటొస్తుందో ఇప్పుడు లెక్కలు కట్టేది కంప్యూటరే కదా. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకిన నాబోటి వాడికి భయమేసేది అక్కడే.

వంతెనల డిజైన్లో ఉన్న మా క్లాస్‌మేటొకడు ఈ మధ్య తన మోడల్ చూపించాడు. దూలాలు బీమ్ ఎలిమెంట్లు, స్లాబు ప్లేట్ ఎలిమెంట్లు, ఎరుపూ నీలం రంగుల్లో బ్రహ్మాండంగా ఉంది. "దూలంలో మూమెంటు మరీ ఇంత తక్కువేంట్రా?" అంటే "సాఫ్ట్‌వేర్ ఇచ్చింది మామా, తప్పెందుకవుద్ది?" అన్నాడు. ఇదిగో, ఈ జబ్బు మీదే నా గొడవంతా.

చిన్న లెక్క చూడండి. 2.5 మీటర్ల వెడల్పు, 200 మి.మీ. మందం స్లాబు. దాని కింద 300 x 1300 మి.మీ. దూలం. రెండూ కలిసి 'టి' ఆకారంలో పనిచేస్తే వచ్చే జడత్వ భ్రామకం, విడివిడిగా లెక్కేసి కూడినదానికి మూడు రెట్లకు పైనే. దూలాన్నీ స్లాబునీ ఒకే నోడ్ల మీద పెట్టేసి ఊరుకుంటే రెండిటి మధ్యరేఖలూ ఒకే ఎత్తులో ఉన్నాయనుకుంటుంది మోడల్. ఆ బలమంతా గాలికి పోయినట్టే.

"పోతే పోనీ, సేఫ్ సైడే కదా" అంటారు కొందరు. కాదు బాబూ! దూలాలు మెత్తగా కనిపిస్తే స్లాబు బరువుని పక్క దూలాలకి ఎక్కువగా పంచేస్తుంది. లారీ నేరుగా ఎక్కిన దూలం వాటా కాగితం మీద తగ్గుతుంది. నిజం వంతెనలో తగ్గదు.

సరే, ఆఫ్‌సెట్ ఇచ్చి దూలాన్ని కిందకి దించారనుకుందాం. మావాడు చేసిందదే. అసలు గోతిలో పడిందీ అక్కడే. 15 మీటర్ల స్పాన్‌కి ఆ 'టి' సొంత బరువు ఒక్కటే తీసుకున్నా, మధ్యలో మూమెంటు సుమారు 626 కిలోన్యూటన్ మీటర్లు రావాలి. బీమ్ ఎలిమెంట్లో కనిపించేది 190 చిల్లర. మిగతాదంతా దాదాపుగా దూలంలో లాగుడుగా, స్లాబులో నొక్కుడుగా దాక్కుని ఉంటుంది. ఆ జంటని కలపకుండా 190కే కమ్మీలేస్తే? సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, మనం సగం చదివామంతే.

1976లోనే హాంబ్లీ తన 'బ్రిడ్జ్ డెక్ బిహేవియర్' పుస్తకంలో గ్రిల్లేజ్ పద్ధతి వివరించాడు. దూలాన్నీ దాని నెత్తిన స్లాబు ముక్కనీ కలిపి ఒకే మెంబర్‌గా ఇస్తే పూర్తి మూమెంటు నేరుగా చేతికొస్తుంది. పాత పద్ధతని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి.

నేను ప్లేట్లు వాడొద్దనట్లేదు. wL²/8 చేత్తో వేసి, అడ్డకోత మొత్తం మూమెంటుతో సరిపోతోందా అని చూడమంటున్నా. అయిదు నిమిషాల పని. మనం ఓ లాగిన్ పేజీకి కూడా యూనిట్ టెస్టులు రాస్తాం కదా! అది చెడితే ప్యాచ్ పంపొచ్చు. కాంక్రీటు పోశాక ప్యాచెక్కడ్నించి తెస్తారు?

ఆ వడ్ల లారీ డ్రైవరు ఎవరి రంగుల బొమ్మా చూడలేదు. నమ్మకంతో ఎక్కాడు, దాటాడు. ఆ నమ్మకానికి అయిదు నిమిషాలు ఎక్కువంటారా?