మార్లవాయిలో రెండవ సమాధి

జనవరి మాసము మా ఉత్తర తెలంగాణమునకు స్మరణమాసము. మూడవ తేదీన సావిత్రీబాయి ఫూలే జయంతి; 2025 నుండి తెలంగాణ ప్రభుత్వము ఆ దినమును మహిళా ఉపాధ్యాయ దినోత్సవముగా పాటించుచున్నది. అటుపై ఎనిమిది దినములకు, పదకొండవ తేదీన, ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోను, 2016 తరువాత కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోను చేరిన జైనూరు మండలమందలి మార్లవాయి అను గోండుగూడెమున, ప్రక్కప్రక్కన ఉన్న రెండు సమాధులపై పూలమాలలు పడును. అధికారులు వత్తురు, రాయిసెంటరు అను గోండుల పంచాయతీ పెద్దలు వత్తురు, బడిపిల్లలు వరుసలుగా నిలుతురు. మరునాడు పత్రికలలో ‘హైమన్‌డార్ఫ్ వర్ధంతి’ అనియో, కొంత ఉదారముగా ‘హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి’ అనియో వార్త వచ్చును.

ఇందులో ఒక చిన్న పొరపాటున్నది. చిన్నదే గాని, నాకు చాలకాలముగా ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫు గారు గతించినది జనవరిలో కాదు. 1995 జూన్ 11న, లండనులో. జనవరి 11 ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కన్నుమూసిన దినము. 1987లో ఆమె హైదరాబాదున మరణింపగా, మార్లవాయి గోండులు ఆమెను తమ మట్టిలో తమ మనిషిగా సమాధి చేసికొనిరి. ఆయన చితాభస్మము పదునేడేండ్లు ఆగి, 2012లో కుమారుని చేతులమీదుగా వచ్చి ఆమె ప్రక్కన చేరినది. అనగా ఆ నేలలో ముందుగా చేరినది ఆమె, అతిథిగా వచ్చినది ఆయన. తిథి ఆమెది, పేరు ఆయనది.

బెట్టీ బార్నార్డో అను ఈ ఆంగ్లయువతి, 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని 1938లో వివాహమాడెను. ఆ యేడే ఆస్ట్రియాను జర్మనీ మ్రింగివేయుటచే ఆయన చేతిలోనిది జర్మను పాసుపోర్టు అయ్యెను. మరుసటి యేడు యుద్ధము రాగానే, ఇండియాలో ఉన్న ఆయన ఆంగ్లేయుల దృష్టిలో శత్రుదేశీయుడయ్యెను. భర్త జాతీయతయే భార్యకు సంక్రమించునని ఆనాటి బ్రిటిషు శాసనము. పుట్టిన దేశమును సైతము పెనిమిటి కాగితమును బట్టి పోగొట్టుకొనవలసిన విధి ఆనాటి స్త్రీది! నిజాము రాజ్యపు ఎల్లలు దాటరాదని విధించిన నిర్బంధమే ఆ దంపతులను మొదట అమ్రాబాదు చెంచుల పెంటలకు, తరువాత గోదావరి గుట్టల కొండరెడ్ల కడకు, తుదకు మా గోండుల ముంగిటికి చేర్చినది.

1940లో జోడేఘాటు కొండలలో, నిజాము ప్రభుత్వముపై తిరుగబడిన గోండు నాయకుడు కుమురం భీము తుపాకీ గుండ్లకు నేలకొరగెను. ఆ తిరుగుబాటు ఎందుకు పుట్టినదో కనుగొను పని నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫునకు అప్పగించెను. దంపతులు మార్లవాయిలో, లచ్చు పటేలు పెద్దగానున్న గూడెములో, గడ్డికప్పు ఇంట కాపురము పెట్టిరి. భూమి పోయినదనియు, అడవి పోయినదనియు, చదువురాని వానికి కాగితము శత్రువైనదనియు అక్కడ తేలినది. ఆనాటి గోండు పిల్లవాని స్థితి తలచుకొనుడు: ఇంట గోండి, అంగడిలో మరాఠీ, కచేరీలో ఉర్దూ, గోదావరి దిక్కునుండి వచ్చువారి నోట తెలుగు. ఇన్ని భాషల నడుమ వాని తల్లిభాషకు మాత్రము పలక లేదు. 1943లో మార్లవాయిలో నెలకొల్పిన ఉపాధ్యాయ శిక్షణకేంద్రము చేసిన పని, అందుచేత, పైకి కనబడినంత చిన్నది కాదు. గోండులనే పంతుళ్లుగా తీర్చుట, దేవనాగరి లిపిలో గోండి వాచకములు కూర్చుట, పిల్లవానికి మొదటి అక్షరమును అమ్మ మాటలోనే చెప్పుట. ఇదియే ఆ బడి సంకల్పము. కాలక్రమమున తెలుగు మాధ్యమము వచ్చి ఆ వాచకములు మూలబడినవి. నార్నూరు మండలములోని గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో కంప్యూటరు అక్షరముల ప్రపంచపట్టికకు, యూనికోడునకు, ఎక్కినది గాని, గూడెపు బడి నల్లబల్లకు ఇంకను సరిగా ఎక్కలేదు. ఇది వేరొక వ్యాసమునకు తగిన దుఃఖము.

ఆ బడికి బెట్టీ స్థాపకురాలని నేననను. పథకము భర్తది, ప్రభుత్వమునకు సలహాదారు పదవియు ఆయనదే. అయితే మగవాడైన పరదేశి పరిశోధకునికి గోండు ఇంటి వంటపొయ్యి దగ్గరి మాట ఎంతవరకు వినబడును? పురిటిమంచము, పెండ్లికూతురి ఏడుపు, గింజల గుమ్మి వెనుక అత్తాకోడండ్ల మంతనము ఎవరి చెవిని పడును? 1979లో వెలువడిన ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ గ్రంథపు ముఖపత్రము చూచినచో ఆయన పేరు క్రింద ‘ఎలిజబెత్ సహకారముతో’ అని ఉన్నది. సహకారము! నలుబదేండ్ల కాపురము, చెంచుపెంటల ఎండ, సుబన్సిరి లోయల చలి, నేపాళపు కాలిబాటలు, అన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడినవి.

ఇక్కడ నాకు మా ఊరి పంతులమ్మ జ్ఞప్తికి వచ్చుచున్నది. ధర్మపురికి దిగువ, గోదావరి ఒడ్డున మా ఊరు. బడి రెండు గదులు, ఒక అరుగు. ఆమెకు చంటిపిల్ల. అరుగు దూలమునకు పాతచీర ఉయ్యాల కట్టి, దాని కొసకు కట్టిన త్రాడు తన కాలి బొటనవ్రేలికి తగిలించుకొని, చేత సుద్దముక్క పట్టి మాకు గుణింతములు చెప్పెడిది. ‘క’కు దీర్ఘమిచ్చినపుడు ఉయ్యాల ఒకసారి, గుడి ఇచ్చినపుడు మరియొకసారి ఊగెడిది, నాకు నేటికిని గుణింతము ఆ ఊపుననే వచ్చును. మధ్యాహ్నపు గంట కాగానే ఇంటికి పరుగు, అత్తకు గటక పోసి మరల పరుగు. ఆమెను ఊరు ‘సారు భార్య’ అనెడిది. ఏలయన ఆమె పెనిమిటి ప్రక్క ఊరి బడిలో సారు. ఆయన మాకు ఒక్క అక్షరమైనను చెప్పి ఎరుగడు. ఆమె పోయిన నాడు కూడలిలో కట్టిన ఫ్లెక్సీపై కూడ ‘ఫలాని సారుగారి ధర్మపత్ని’ అని పెద్ద అక్షరములు, అడుగున ఆమె పేరు చిన్న అక్షరములు. ఆ పేరును నేను మొదటిసారి చదివినది అప్పుడే. అరువది దాటిన శిష్యునికి గురువు పేరు మరణవార్తలో తెలియుట కంటె సిగ్గు వేరొకటి గలదా?

రాయపట్నము వంతెన దాటి, లక్సెట్టిపేట, జన్నారము మీదుగా ఉట్నూరు దారి పట్టినప్పుడెల్ల ఈ ఇరువురు స్త్రీలు నా మనసున జంటగా నడతురు. ఒకతె గోదావరికి ఆవలిగట్టు, ఒకతె ఈవలిగట్టు. కొలతలో పోలిక లేదు, మరపులో మాత్రమే కలదు.

తల్లిగా బెట్టీకి దక్కిన గౌరవము మాత్రము గోండులు ఇచ్చినదే. ఆమె కుమారుని వారు తమ పటేలు పేరుతో ‘లచ్చు పటేల్’ అని పిలుచుకొనిరి. బిడ్డకు తమ పెద్ద పేరు పెట్టుటకు మించి ఒక గూడెము ఏమి ఈయగలదు? కేస్లాపూరు నాగోబా జాతరలో మెస్రం వంశపు క్రొత్త కోడండ్రకు ‘భేటింగ్’ అను తంతు ఉన్నది. తెల్లచీర కట్టి, వంశదేవుని ముందు నిలిచి, ‘ఈమె మా మనిషి’ అని పెద్దలచే అనిపించుకొన్న పిమ్మటనే కోడలు వంశములో చేరినట్టు. బెట్టీకి అట్టి భేటి మార్లవాయి మట్టిలో జరిగినదని నేను భావింతును.

ఆమె స్వయముగా చేసిన పని ఒకటి గలదు. మన జిల్లాలలో దానిని ఎరిగినవారు అరుదు. దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నింటికి ఆమె ఒక గ్రంథసూచిని కూర్చి 1958, 1964, 1970లలో మూడు సంపుటములుగా వెలువరించెను. గోండులను గూర్చి గాని, కోయలను గూర్చి గాని ఎవరేమి వ్రాసిరో వెదకు పరిశోధకులు తరతరములుగా ఆ పుటలు త్రిప్పినవారే. ఇంతమందికి దారి చూపిన ఆమె కూడ పంతులమ్మ గాక మరేమి? వాటి ముఖపత్రముపై సంకలనకర్తగా ఎలిజబెత్ పేరున్నది.

మార్లవాయి పెద్దలకు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఏ.) అధికారులకు, పత్రికల విలేఖరులకు నాదొక విన్నపము. రాబోవు జనవరి 11న కట్టు బ్యానరుపై ‘బెట్టీ ఎలిజబెత్ వర్ధంతి’ అని వ్రాయింపుడు. హైమన్‌డార్ఫు గారికి జూన్ 11 ఉన్నది.