నెల్లూరు వడ్లకు హద్దు యాడ?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, తీరికగా చదవండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మన వాకాడును తిరుపతి జిల్లాలో కలిపారు. కలెక్టరాఫీసు మారింది. మరి మన కయ్యల్లో వడ్లు నెల్లూరు వడ్లా, తిరుపతి వడ్లా? నవ్వొద్దు. రేపు ఎవరన్నా నెల్లూరు మొలగొలుకుల పేరుకు జీఐ ట్యాగ్ అడిగి మ్యాపు గీస్తే, మనం గీతకు లోపలుంటామా, బయటా?

జీఐ అంటే ఊరి పేరుకు పట్టా లాంటిది. 1999లో చట్టం చేశారు, 2003 నుంచి అమలు. హద్దు లోపల పండించేవాళ్లే ఆ పేరుతో అమ్ముకోవాలి. బనగానపల్లె మామిడికి 2017లో వచ్చింది. పేరు ఒక ఊరిదే గానీ హద్దు కర్నూలు జిల్లాలో ఆగలా, తెలంగాణ దాకా పోయింది. బాస్మతికి 2016లో వచ్చింది. పంజాబ్, హర్యానా లాంటి ఏడు రాష్ట్రాలు లోపల, మధ్యప్రదేశ్ బయట. వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఈ గొడవ కొత్తదేం కాదు. సినిమాల్లో సీసా ఊపి మూత ఎగరగొడతారే, ఆ షాంపేన్ ఫ్రాన్స్‌లో ఒక సీమ పేరు. అక్కడి ద్రాక్షతో చేస్తేనే షాంపేన్. 1908లో సర్కారు గీత గీసి, మార్న్ జిల్లాను లోపల పెట్టి పక్కనున్న ఓబ్ జిల్లాను బయట పెట్టింది. మాది సుద్ద నేల, వాళ్లది వేరే నేల అని మార్న్ వాళ్ల మాట. షాంపేన్ సీమకు పాత రాజధాని త్రువా మా దగ్గరే ఉంది, మా ద్రాక్ష మీరే కొనేవాళ్లు గదా అని ఓబ్ వాళ్ల మాట. 1911లో ఓబ్ రైతులు రోడ్డెక్కి పన్ను కాగితాలు తగలబెట్టారు. బయటి ద్రాక్ష తెచ్చే వ్యాపారుల మీద మార్న్ రైతులూ తిరగబడ్డారు. ఓబ్‌ను పూర్తిగా లోపలికి తెచ్చింది 1927 చట్టం. అంటే పంతొమ్మిదేళ్లు.

మన సంగతీ అట్టాంటిదే. పెన్నా కింద వాళ్లు నెల్లూరు బియ్యమంటే మాదే అంటారు, న్యాయమే. కానీ స్వర్ణముఖి చివర మనకూ అవే ఈశాన్య వానలు, అదే సముద్రపు గాలి. వడ్లు అమ్మేది పుట్లలోనే, పుట్టంటే 850 కేజీలు. గోదావరి వైపు పోయి పుట్టి రేటెంతని అడగండి, మీ మొహం చూస్తారు. నా లెక్కలో ఆ కొలత నడిచినంత మేరా మన హద్దే. అట్టాగని మండలం మొత్తం కలపమనను. సరుగుడు, వేరుశనగ పండే ఇసుక నేలలకు వడ్ల పేరు తగిలిస్తే అది మనమే చేసే మోసం అవుద్ది.

విత్తనం సంగతి వేరే. నెల్లూరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన 34449 రకం ఇప్పుడు ఎక్కడంటే అక్కడ వేస్తున్నారు, వేసుకోనీండి. పేరుకు హక్కు రావాలంటే విత్తనం ఒక్కటే చాలదు, నేల, నీళ్లు, తరాల అలవాటు చూపించాలి. ఇబ్బందల్లా ఆ మూడోదానితోనే. మొలగొలుకులు కాలం ఎక్కువ పట్టుద్దని మనలో చాలామంది వదిలేశారు. వెయ్యని పంటకు హద్దు అడిగితే ఎవరిస్తారు?

దరఖాస్తు ఒక్క రైతు పెడితే కుదరదు, సంఘంగా పెట్టాలి. మ్యాపుతో పాటు పాత రుజువులు కావాలి. ఆఫీసు చెన్నైలోనే, గూడూరులో రైలెక్కితే రెండు మూడు గంటలు. మీ నాయన, తాతల కాలం శిస్తు రసీదులు, వడ్లు అమ్మిన చీటీలు పెట్టెల్లో ఉంటే పారేయొద్దు. ఎవరి దగ్గరన్నా మొలగొలుకుల విత్తనం ఉంటే చెప్పండి, ఈ కారుకు ఒక కయ్యలో నేను పోస్తా.