గుట్ట కింద కూర్చునే జాగ ఎవరిది?

ఇది జర పొడుగు పోస్టు, ఓపికతోటి చదువుండ్రి.

మొన్న బేస్తారం పొద్దుగూకంగ పహాడీ షరీఫ్ గుట్ట కింద కూర్చున్న. పాలకూర, కొత్తిమీర కట్టలు, ఒక గంపెడు సొరకాయలు. పక్కన మా ఊరి పెద్దమ్మ చుక్కకూర, పుదీన పెట్టుకున్నది. రెండు గంటల్ల మూడుసార్లు గంప జరిపించిన్రు. ఒకసారి కారు పెట్టనీకి, ఒకసారి ఆటో తిప్పనీకి. మూడోసారి ఎందుకో ఎవ్వరూ చెప్పలే. "నాయినా, ఇది మా అత్త కూసున్న జాగ" అన్నది పెద్దమ్మ. వినేటోడు లేడు.

గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా 13వ శతాబ్దం నాటి సూఫీది. మంది నడిచొచ్చే కాడ అమ్మకం ఎవరూ పిలవకుండానే మొలుస్తది. పూలు, ఊదుబత్తులు, మిఠాయి. కందూరు చేసేటోళ్లకు యాట, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుదీన. పక్కనే బార్కస్, జామపండ్లకు పేరున్న బస్తీ. (నిజాం కాలం అరబ్బు సిపాయిల బ్యారక్సే నోట్లె తిరిగి బార్కస్ అయింది.) మన ఊర్లల్ల మొక్కుకుని గుట్టెక్కినోళ్లు తక్కువా? యాట ఒకరింటిది, కూర ఒకరింటిది, తినేది అందరు. పిల్ల సంబంధం, బోరు ఎండిన ముచ్చట, అప్పు తీర్చే వాయిదా, అన్నీ గా గంపల కాడనే తెలుస్తయి. ఇయ్యాల అది పోతే ఫోన్ల వాట్సాప్ గ్రూపు దాని పని చేస్తదా? చెయ్యదు.

2008 మార్చిల విమానాశ్రయం తెరిచిన్రు. దానికి అయిదున్నర వేల ఎకరాల దాకా భూమి పోయింది. అవతల అవుటర్ రింగురోడ్డు వచ్చింది. భూమి ఉన్నోడు అమ్ముకున్నడు, అమ్మనోడు ఇంకా కూరలు పండిస్తున్నడు. ఇగ 2025 ఆఖరుల శంషాబాద్, జల్‌పల్లి మున్సిపాలిటీలను హైదరాబాద్ కార్పొరేషన్ల కలిపిన్రు. రోడ్డు ఊడుస్తరు, లైట్లు పెడ్తరు, మంచిదే. కానీ పట్నం ఆఫీసుల కూర్చున్నోనికి రోడ్డు పక్క గంప అంటే ట్రాఫిక్‌కు అడ్డం, అంతే కనబడ్తది.

దీనికి చట్టం లేదా అంటే, ఉన్నది. 2014ల కేంద్రం వీధి వ్యాపారుల చట్టం తెచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవ్వరినీ లేపొద్దు అన్నది. జాగ మార్చాలంటే 30 దినాల ముందు నోటీసు ఇయ్యాలె. పట్టణ కమిటీల 40 శాతానికి తగ్గకుండ అమ్ముకునేటోళ్లే ఉండాలె, వాళ్లల్ల మూడోవంతు ఆడోళ్లు. ఇంకొక మాట ఎక్కువ మందికి తెల్వదు: యాభై ఏండ్లకు పైబడి అమ్మకం నడుస్తున్న బజారును వారసత్వ బజారుగ గుర్తించాలె, అక్కడోళ్లను లేపొద్దు అని రాసున్నది. పెద్దమ్మ అత్త ముచ్చట గిక్కడ పనికొస్తది.

అయితే ఒక చిక్కున్నది. సర్టిఫికెట్ కావాలంటే ఈ అమ్మకం తప్ప నాకు వేరే బతుకుదెరువు లేదని రాసియ్యాలె. మనం ఏం రాస్తం? పట్టాదారు పాసుబుక్కు ఉన్నది, పొలమున్నది, వారానికి రెండు దినాలు గంప పట్టుకొస్తం. ఆ కాగితం ప్రకారం మనం వ్యాపారులం కాదు, మార్కెట్ యార్డుకు పోవాల్సిన రైతులం. పది కట్టల కొత్తిమీరకు బోయిన్‌పల్లి దాకా ఆటో కిరాయి పెట్టుకుంటే మిగిలేది ఆటో అన్నకే.

అందుకే నేననేది, ఒక్కొక్కరం సర్టిఫికెట్ అని ఉరుకొద్దు. మొత్తం బజారునే వారసత్వ బజారుగ గుర్తించమని అడుగుదం. అందుల బేస్తారం, శుక్రారం రైతులకు ఒక వరుస. 1999ల రైతుబజార్లు పెట్టినప్పుడు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చే పద్ధతి తెచ్చిన్రు కదా, గదే పద్ధతి ఇక్కడ పెట్టడానికి ఏం అడ్డం?

మన తప్పు కూడా చెప్పుకుందం. మనల కొందరు గుడిమల్కాపూర్‌ల టోకుగ కొనుక్కొచ్చి "మా చేనుదే" అని అమ్ముతున్నరు. కుళ్లిన ఆకు రోడ్డు మీదనే పారేసి పోతున్నం. దర్గాకు వచ్చే ముసలోళ్లు దాని మీద జారితె మనకు మొహం ఎక్కడుంటది? కార్డు అడిగేటోడు ముందు చెత్త సంచి తెచ్చుకోవాలె.

ముసలోళ్లు ఉన్నప్పుడే పని కావాలె. ఎవరి నాయిన, ఎవరి అత్త, ఏ కాలం సంది కూర్చున్నరో తారీఖులతో రాసుకుందం. పాత తైబజారు రసీదులుంటే పారెయ్యకుండ్రి, ఫొటో తీసి పెట్టుకోండ్రి. పాత ఫొటోల వెనక గుట్ట కనబడితే ఇంకా మంచిది. వచ్చే బేస్తారం పొద్దుగాల ఎనిమిదింటికి గుట్ట కింద చాయ్ హోటల్ కాడ ఉంట, నోటుబుక్కు నేను తెస్త. దుకాణాలోళ్లను, పూలోళ్లను కూడా పిలిచిన. పెద్దమ్మ పేరు మొదటి పేజీల రాసేసిన.