బేరమాడనోన్ని నమ్మకండి!

పాలమూరు పట్నంల ఇల్లు మారేటోళ్లకు, పాత సామాను అమ్మేటోళ్లకు మనవి



మా అమ్మ పెండ్లినాటి టేకు బీరువా. రెండు తలుపులు, లోపల చీరల అర, కింద తాళమేసుకునే సొరుగు. నలుగురు పడితే గాని జాగ కదలదు. బోయపల్లి గేటు దిక్కు కిరాయింటికి మారినప్పుడు మెట్ల మలుపుల ఇరుక్కున్నది, పైకి పోలేదు. గుండె రాయి చేసుకుని అమ్ముదామనుకున్నం. ఫోటో తీసి, 18 వేలని రాసి ఆన్‌లైన్ల పెట్టిన. పావుగంట కాకముందే ఫోనొచ్చింది.

హిందీల మాట్లాడిండు. మిలిటరీల పనిచేస్తనన్నడు, హైదరాబాద్‌కు బదిలీ అయిందన్నడు. యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌ల పంపిండు. "18 వేలు ఇప్పుడే కొడత. సాయంత్రం మా ట్రాన్స్‌పోర్టోళ్లు వచ్చి ఎక్కించుకుంటరు. మీరు చెయ్యి కూడ పెట్టొద్దు" అన్నడు. ఆ ఆఖరి మాటకే నా మనసు మెత్తబడ్డది. ధర కంటే ఆ బరువు ఎట్ల దించుకోవాలన్నదే నా రంది. మన రంది ఏందో ఇసొంటి మోసగాళ్లకు మనకంటే ముందే తెలుసు. పెద్ద సామానుకు వీళ్లు ఎందుకు వస్తరంటే, "బండి పంపుత" అన్న మాట అక్కడనే నమ్మబుద్ధయితది గనక.

ముందుగాల 5 రూపాయలు కొట్టిచ్చుకుని 10 వాపస్ పంపిండు. నమ్మకం కుదిరింది. తర్వాత క్యూఆర్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, సగం పైసలు మీకు పడతయ్" అన్నడు. కొట్టిన. 9 వేలు పోయినయ్. "అయ్యో, సర్వర్ తప్పు, ఇంకోసారి చేస్తే మొత్తం వాపస్ వస్తది" అన్నడు. చేతులు వణుకుతుంటే ఇంకోసారి కొట్టిన. ఇంకో 9 వేలు. బీరువా ధర ఎంతనో పోయింది కూడ అంతే. బీరువా మాత్రం మెట్ల కిందనే ఉన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక్కటే గుర్తు చేసుకున్న. అంతసేపు మాట్లాడినోడు చెద పట్టిందా అని అడగలేదు. పొడుగెంత, వెడల్పెంత అనలేదు. 500 తగ్గించమని కూడ అనలేదు.

నెల తర్వాత జడ్చర్ల నుంచి ఆలుమగలు వచ్చిన్రు. ఆయన వెనక చెక్కను వేలి కణుపులతోని కొట్టి చూసిండు. ఆమె సొరుగు మూడుసార్లు గుంజి పెట్టింది, జానలతోని కొలిచింది, వాళ్లింటి దర్వాజల పడుతదో పట్టదోనని ఇద్దరు చానాసేపు మాట్లాడుకున్నరు. 12 వేలతోని మొదలుపెట్టి 14 వేలకు తెగ్గొట్టిన్రు. పైసలు లెక్కపెట్టి చేతిలపెట్టి, వాళ్లు తెచ్చుకున్న ట్రాలీ ఆటోలనే ఎక్కించుకున్నరు. కొనేటోడంటే అట్లుంటడు. మంచమైనా, సోఫా అయినా, డైనింగ్ టేబులైనా కండ్లతోని చూడకుండ కొనేటోడు లేడు.

చదువుకున్నోళ్లం, మనకెట్లయితది అనుకోకండి. 2021 ఫిబ్రవరిల అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ బిడ్డ పాత సోఫా అమ్మబోతే ఇదే క్యూఆర్ ఆటతోని 34 వేలు కాజేసిన్రు. ఫిర్యాదు చేస్తే మనుషులు దొరికిన్రు. రాజస్థాన్‌ల భరత్‌పూర్ దిక్కు నుంచి ఈ దందా నడిపే ముఠాలను మన తెలంగాణ పోలీసులు అంత దూరం పోయి పట్టుకొచ్చిన్రు. ఇగ ఆ మిలిటరీ కార్డంటరా, అసలు జవాను దగ్గర్నుంచి కాజేసిన ఫోటో కావచ్చు. దేశం కోసం నిలబడ్డోని పేరు అడ్డం పెట్టుకుని మన ఇండ్లు దోచుడు చూస్తె కడుపు మండుతది.

ఒక్క ముచ్చట గట్టిగ పట్టుకోండి. మనం చూపించిన క్యూఆర్ మనకు పైసలు తెస్తది. ఎదుటోడు పంపిన క్యూఆర్ మన పైసలు తీసుకపోతది. పైసలు రావడానికి పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు, ఏ లింకు నొక్కే పని లేదు. ఒకప్పుడు పైసలడిగే రిక్వెస్టు ఫోన్‌కు పంపేటోళ్లు. మనిషికి మనిషి పంపే ఆ రిక్వెస్టులను యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపేసింది. ఆ తొవ్వ మూసుకుపోయింది గని క్యూఆర్ తొవ్వ తెరిచే ఉన్నది.

లారీ కిరాయి, ఇన్సూరెన్సు, గేట్ పాసు, ఏ పేరు చెప్పినా సరే, అమ్మేటోడు ఎదురు పైసలు కట్టుడు ఎక్కడన్న ఉంటదా? "పొరపాటున ఎక్కువ పంపిన, మిగిలింది వాపస్ చెయ్" అంటే మెసేజ్ చూసి నమ్మకండి. మెసేజ్ ఎవడైనా రాయగలడు. బ్యాంకు యాప్‌ల బ్యాలెన్స్ చూడండి. కొనేటప్పుడు కూడ ఇదే లెక్క. బదిలీ మీద పోతున్న ఆఫీసర్ సోఫా సగం ధరకిస్తడట, బండి కిరాయి ముందు పంపాలట అంటే ఆ సోఫా ఎక్కడా లేదు.

పైసలు పోయినయా? ఎవరికి చెప్పుకోవాలె, నవ్వుతరేమో అని కూసోకండి. నేను రెండు రోజులు అట్లనే కూసున్న. అప్పటికే నా పైసలు ఖాతాలు మారి మారి పోయినయ్. పోయిన నిమిషంలనే 1930కు ఫోన్ కొట్టండి. వాడి ఖాతాల ఇంకా ఉంటే బ్యాంకు ఆపగలుగుతది. ఆన్‌లైన్ల రాయాలంటే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ ఉన్నది. వాడి నంబరు, లావాదేవీ నంబరు, చాటింగు ఏదీ చెరపకండి. అన్నీ తీసుకుని దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోండి.

మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాక, ఇల్లు మారే ప్రతి ఇంటోళ్లను అడుగుతున్నం. అమ్మకానికి పెట్టేటప్పుడే "ఇంటికొచ్చి చూసినంకనే బేరం, పైసలు అందినంకనే బండి" అని రాయండి. బిడ్డలు బెంగళూరుల, అమెరికాల ఉండి ఇంట్ల ముసలోళ్లే ఉన్నకాడ పక్కింటోళ్లు పోయి బేరంల కూసోండి. ట్రాలీ ఆటో అన్నలారా, ఎవరో ఫోన్ల మాట్లాడుకున్న కిరాయికి ముందు మీతోనే పైసలు కొట్టమంటే బండి తియ్యకండి. ఫోన్ రీచార్జి దుకాణాలోళ్లు ఈ కాగితం గల్లా పెట్టె పక్కన అతికించండి.

చదివినంక పారెయ్యకండి. 1930 నంబరు ఇప్పుడే ఫోన్‌ల ఎక్కించుకుని, కాగితం పక్కింటికి ఇయ్యండి.

ఇట్లు,
మీ వాడకట్టు మనిషి, మహబూబ్‌నగర్